జీపుకు మెట్టు

మా ఇంట్లో జీపు వున్నదంటే పాఠకులు మమ్మల్ని జమీందార్ల కింద కట్టవద్దు. నేను పర్లాకిమిడిలో ఒక ఆఫీసు గుమాస్తాను. మా తమ్ముడికి కొండ దిగువన నాలుగెకరాల జీడిమామిడి తోట వున్నది. వానాకాలంలో ఆ దారిన ఎద్దుబండి కూడా దిగబడుతుంది. అందుకని వాడు నాలుగు చక్రాలకూ యింజను బలం అందే పాత మహీంద్రా జీపు ఒకటి సెకండు హాండులో కొన్నాడు.

బండి బాగానే నడుస్తుంది. చిక్కల్లా ఎక్కడంలోనే. నేల నుంచి దాని అడుగు రేకు ఇరవై ఆరు అంగుళాల ఎత్తు. మా అమ్మకు డెబ్బై నాలుగేళ్లు. రెండు మోకాళ్లూ అరిగిపోయినవి. శివరాత్రికి మహేంద్రగిరి మీద కుంతి, భీముడు, ధర్మరాజుల పేర్లతో వున్న గుళ్లు చూడాలని ఆవిడకు ఎన్నాళ్లుగానో కోరిక. సుమారు 1,500 మీటర్ల కొండ అది. కిందటేడు ప్రయాణమై, తమ్ముడూ నేనూ చెరొక రెక్కా పట్టుకొని ఎత్తబోతే, వీధిలోవాళ్లు చూస్తున్నారని ఆవిడకు సిగ్గు వేసింది. "బస్తాను ఎత్తినట్టు ఎత్తుతార్రా నన్ను? నే రాను, మీరు వెళ్లి రండి" అని లోపలికి పోయింది. ఆ శివరాత్రికి ఎవరమూ కదలలేదు.

అసలు జీపు 1941లో అమెరికా సైన్యం కోసం తయారైన బండి. పడుచు సిపాయిలు గెంతి కూర్చునేవారు గనుక దానికి మెట్టుతో పని లేకపోయింది. 1947 నుంచి మహీంద్రావారు మన దేశంలో ఆ విల్లీస్ జీపులనే కూర్చి అమ్మసాగారు. మోకాళ్లనొప్పుల ముసలమ్మ చీర కుచ్చెళ్లు పట్టుకొని ఎక్కవలసి వస్తుందని దాన్ని గీసినవారు తలచి వుండరు.

సరే, మెట్టు మేమే కడదామనుకున్నాం. తమ్ముడు పెరట్లో పడివున్న నీళ్లగొట్టం ముక్క తెచ్చి, తలుపు కింద రేకుకు బోల్టులు వేసి బిగించాడు. పరీక్షకు నేను ఎక్కి నిలుచున్నాను, కదలలేదు. మూడోనాడు అమ్మ కాలు మోపగానే బోల్టుల దగ్గర తుప్పు పట్టిన రేకు కాగితంలా చిరిగింది. తమ్ముడు పట్టుకోబట్టి మోచేయి గీరుకోవడంతో పోయింది. అమ్మ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అదే మాకు ఎక్కువ బాధ.

అప్పుడు వెల్డింగు షాపు మేస్త్రి దగ్గరకు వెళ్లాం. ఆయన బండి కిందికి దూరి చూసి, ఒడియాలో, "బాబూ, ఎముక ఇక్కడుంటే మీరు చర్మానికి బరువు వేలాడదీశారేమిటి?" అన్నాడు. బండికి ఎముక చాసిస్; రేకంతా చర్మమే. ఆ ఒక్క మాట ముందే తెలిసివుంటే అమ్మ మోచేయి గీరుకునేది కాదు.

ఈసారి కొలత అమ్మ దగ్గర మొదలుపెట్టాం. గోడ పక్కన నిలబెట్టి, నొప్పి లేకుండా పాదం ఎంత లేస్తుందో సుద్దముక్కతో గుర్తు పెట్టాం. తొమ్మిది అంగుళాలు. అంటే ఇరవై ఆరు అంగుళాలను మూడు అంగలు చేయాలి. పద్దెనిమిది అంగుళాల ఎత్తున కదలని మెట్టు. తొమ్మిది అంగుళాల దగ్గర మడతమెట్టు. కింది మెట్టు కూడా బిగించేస్తే దారిలో మొదటి రాయికే తగులుతుంది. అందుకని దాన్ని ఎక్కేటప్పుడు దింపి, బండి కదిలేముందు పైకి మడిచి కొక్కెం వేస్తాం. దింపినప్పుడు వెనక్కి ఊగకుండా ఒక అడ్డుకడ్డీ వున్నది.

నీళ్లగొట్టాన్ని మేస్త్రి పక్కకు నెట్టేశాడు. దానికి జింకు పూత వుంటుంది. వెల్డింగు వేడికి లేచే ఆ పొగ పీలిస్తే కొన్ని గంటలకు చలిజ్వరం పట్టుకుంటుంది. పూత లేని ఇనుప గొట్టం, కాలు జారకుండా గళ్ల రేకు కొన్నాం. వెల్డింగు అంతా బండికి దూరంగా, షాపులోనే జరిగింది. చాసిస్‌ను కాలిస్తే దాని బలం తగ్గవచ్చు; పైగా పాత విల్లీస్ జీపులలో పెట్రోలు టాంకు డ్రైవరు సీటు కిందనే వుండేది. పక్కకు మూడేసి ఉక్కు పట్టీలు చాసిస్‌కు చుట్టి, 8.8 గుర్తున్న బోల్టులతో బిగించాం. బ్రేకు గొట్టం, కరెంటు తీగలు నలగకుండా తడిమి చూశాం. గొట్టం చివరలు మూసి, నీరు నిలవకుండా అడుగున చిన్న రంధ్రం వుంచి, రెడాక్సైడు మీద నల్లరంగు వేశాం. చేతికి ఆసరాగా టాపు గొట్టానికి ఒక పిడి కూడా పెట్టించాం.

గుమాస్తా బుద్ధి గనుక చట్టం కూడా చూశాను. రిజిస్ట్రేషను వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అంటుంది. అందుచేత మెట్టు మడ్‌గార్డు దాటి బయటికి రాకుండా కొలిచి, పనికి ముందే రవాణా ఆఫీసులో అడిగి వచ్చాను. అదే చట్టం 123వ సెక్షను ప్రకారం నడిచే బండి పక్కమెట్టు మీద మనిషిని నిలబెట్టి తీసుకుపోరాదు. మా పిల్లలకు ఈ రెండో సెక్షను రోజూ చదివి వినిపించవలసి వస్తున్నది!

అన్నదమ్ములిద్దరం ఒకే మెట్టు మీద నిలబడి ఊగి చూశాం. వంద కిలోమీటర్లు తిప్పి బోల్టులు మళ్లీ బిగించాం. ఆ తరువాతగాని అమ్మను పిలవలేదు.

ఈ శివరాత్రి తెల్లవారుజామున ఆవిడ పిడి పట్టుకొని మొదటి మెట్టు మీద కాలు పెట్టి, కాసేపు ఆగింది. కిందటి సంగతి జ్ఞాపకం వచ్చింది కాబోలు. నేను చేయి అందించబోయాను. "ఉండరా, నన్ను ఎక్కనీ" అన్నది. ఎక్కి, చీర సర్దుకొని కూర్చుని, వీధి అటూ ఇటూ ఒకసారి చూసింది. ఆ వేళప్పుడు వీధిలో ఒక్కరూ లేరు.

"ఇంకొంచెం తెల్లారాక బయలుదేరవలసింది" అన్నది అమ్మ.