సెలవులో ఉన్న బాస్‌కి వచ్చే ఫోన్ ఎవరెత్తాలి?

హైదరాబాద్‌లో రాత్రి ఎనిమిదిన్నర అంటే, వేసవిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉదయం ఎనిమిది. అక్కడివాళ్లు లాగిన్ అయ్యే వేళకి ఇక్కడి డెలివరీ హెడ్ కంచం ముందు కూర్చుంటారు. కుడిచెయ్యి పప్పన్నంలో, ఎడమచేతిలో ఫోను. చలికాలం వస్తే అక్కడి గడియారం మారి, కాల్ మరో గంట ఆలస్యమై పడుకునే వేళ మీదికొస్తుంది.

ఇలాంటివాళ్లకి ‘ఫోన్ పక్కన పడేయండి’ అని చెప్పడం తేలికే. పడేస్తే, సర్వర్ పడిపోయినప్పుడు పలికేదెవరు?

జవాబు వాళ్ల ఆఫీసులోనే ఉంది. సాఫ్ట్‌వేర్ టీముల్లో ఆన్‌కాల్ వంతులుంటాయి. ఈ వారం అలారం మోగితే ఎవరు లేవాలి, ఆ మనిషి పలక్కపోతే ఎవరిని లేపాలి, ముందుగా ఏం చూడాలి, అన్నీ రాసిపెట్టి ఉంటాయి. అందుకే వంతు లేని ఇంజినీరు హాయిగా నిద్రపోతాడు. ఈ ఏర్పాటంతా చేయించిన పెద్దసారు మాత్రం తనకి వంతు రాసుకోరు. ఏడాది పొడుగునా ఆయనే ఆన్‌కాల్.

ఒకరు ఫోన్ పక్కన పెడితే పని ఎవరు చూస్తారనే ముడిని హార్వర్డ్ ఆచార్యురాలు లెస్లీ పెర్లో బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ అనే సలహా సంస్థలో విప్పి చూశారు. ఫలితాలు 2009లో అచ్చయ్యాయి. ఒక ప్రయోగంలో నియమం చిన్నది: వారానికి ఒక సాయంత్రం, ఆరు దాటాక, పని ఊసెత్తకూడదు, మెయిల్ తెరవకూడదు. ఒక్క సాయంత్రానికి ఇంత హంగామానా అనిపిస్తుంది. కానీ అది ఎవరి సాయంత్రమో ముందే తేలాలి, ఆ పూట వాళ్ల పని ఎవరు చూస్తారో టీమంతా కూర్చుని మాట్లాడుకోవాలి. మొదట్లో కొందరిని దాదాపు బలవంతంగా ఇంటికి పంపాల్సొచ్చింది. పోనుపోను టీములో మాటామంతీ పెరిగింది, పనీ మెరుగైంది.

జర్మనీలో డైమ్లర్ కంపెనీ 2014 నాటికే ఇంకో అడుగు వేసింది. ఉద్యోగి కోరుకుంటే, సెలవులో వచ్చిన మెయిల్ దానంతటదే చెరిగిపోయేది. బదులుగా ఎవరిని అడగాలో పంపినవాళ్లకి కబురు వెళ్లేది. తిరిగొచ్చేసరికి ఇన్‌బాక్స్‌లో గుట్టలుండేవి కావు.

ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 నుంచి, పని వేళలు దాటాక ఫోన్లకీ మెయిళ్లకీ దూరంగా ఉండే హక్కుకి చట్టాలూ ఉన్నాయి. బాస్ ఫోన్ చేస్తే ఎత్తనక్కర్లేదనే ధీమా ఉద్యోగికి వాటివల్ల వస్తుందేమో గానీ, బాస్‌కి ఒరిగేది తక్కువ.

మన దగ్గర ఈ వంతుల ఏర్పాటు ఎక్కడ బెడిసికొడుతుందంటే, ఫోన్ అప్పగిస్తారు, అధికారం అప్పగించరు. కొత్త రిలీజ్‌ని వెనక్కి తీసేయొచ్చా, క్లయింటుకి ఎంతవరకు మాటివ్వొచ్చు, ఈ రెండూ కాగితం మీద లేకపోతే వంతులో ఉన్నవాళ్లు అర్ధరాత్రి మళ్లీ సారుకే ఫోన్ చేస్తారు. చేయక ఏం చేస్తారు, పొద్దున అక్షింతలు పడేది వాళ్లకే కదా!