రేసు ట్రాకు - మొగిలి ఘాటు

"రేసులు చూడాలంటే యాడికో పోవాల్నా? మన మొగిలి ఘాటు చాలదా?" అంటారు మా పలమనేరు మిత్రులు. ఆదివారం వస్తే మోటారు సైకిళ్ళు వేసుకొని ఆ మలుపుల మీదికి పోయేవాళ్ళు మన హాస్టల్లోనూ లేకపోలేదు. ముఖ్యంగా వారికోసమే ఈ నాలుగు మాటలు.

ఘాటు దిగి చిత్తూరు, రాణిపేట మీదుగా మద్రాసు వైపు పోతే, శ్రీపెరుంబుదూరు దాటాక ఇరుంగాట్టుకోట్టై వస్తుంది. మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువారి శాశ్వత రేసు ట్రాకు 1990 నుంచి అక్కడే ఉంది. అంతకుముందు పందేలు షోలవరంలో జరిగేవి. అది రెండవ ప్రపంచ యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన బాట. తిన్నగా దూసుకుపోవడానికి బాగుంటుంది గాని, పందెం కోసం పుట్టిన నేల కాదు. ఇరుంగాట్టుకోట్టై అట్లా కాదు, పందెం కోసమే గీసిన బాట. పొడవు 3.717 కిలోమీటర్లు, మలుపులు 12. మధ్యలో కలిపే దారులున్నందున మొత్తం చుట్టునూ వాడవచ్చు, కోసి పొట్టి చుట్టుగానూ వాడవచ్చు. చుట్టు మారితే మలుపుకు ముందుండే తిన్నని బాట పొడవు మారుతుంది, అందుకునే వేగం మారుతుంది, బ్రేకు వేయాల్సిన చోటూ మారుతుంది. పాత నేలమీదే కొత్త లెక్క అన్నమాట!

ఇక అసలు సంగతి మలుపు. వేగం రెండింతలైతే బండి ఆగడానికి నాలుగింతల దూరం కావాలి. మలుపులో టైరు పట్టుకోవలసిన బలమూ నాలుగింతలే. అందుకే రేసరు బయటి అంచునుంచి మొదలుపెట్టి, నడిమధ్యలో లోపలి అంచును తాకి, మళ్ళీ బయటి అంచుకు పోతాడు. ఇట్లా పోతే ఇరుకు మలుపు కాస్త వెడల్పు మలుపవుతుంది, వేగం నిలుస్తుంది.

మనవాళ్ళు టీవీలో చూసి ఘాటులో చేసేదీ ఇదే. కాని ట్రాకులో బండ్లన్నీ ఒకే దిక్కుకు పోతాయి, బయటి అంచు దాటినా ఖాళీ జాగా ఉంటుంది. పసుపు జెండా ఊపితే ముందువాణ్ణి దాటకూడదు, ఎర్రజెండా అయితే పందెమే ఆగిపోతుంది. ఆంబులెన్సు ముందే సిద్ధంగా ఉంటుంది. ఘాటులో ఆ బయటి అంచున ఏముంది? బరువుతో పాకే లారీ, డివైడరు, లేదా కొండ. 2024 సెప్టెంబరులో ఇదే ఘాటులో ఆర్టీసీ బస్సు, లారీలు ఢీకొని ప్రాణాలు పోయిన సంగతి మనమెవ్వరం మరువలేదు. పాపం, ఆ బస్సులోని వారెవరూ పందెం కాయలేదు.

రోడ్డును ట్రాకుగా మార్చకూడదా అంటే, మార్చారు కూడా. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగరు ఒడ్డున ఫార్ములా-ఈ కార్లు పరుగెత్తాయి. అయితే ముందు రాకపోకలు ఆపి, ఇరుపక్కలా గోడలు, కంచెలు నిలబెట్టారు. ఘాటులో ఆ పని ఎవరు చేస్తారు?

మోజు తీరనివారికి ఒక కబురు. ఇరుంగాట్టుకోట్టైలో పందేలే కాదు, మోటారు సైకిలు శిక్షణ తరగతులు కూడా జరుగుతుంటాయి. హెల్మెట్టు, తోలు దుస్తులు లేనిదే లోపలికి వదలరు.