చేప బాగు చేయడం: పనిలో పొరపాట్లు, మాటల్లో మెలకువలు

కోస్తా ఇళ్ళలో చేపను బాగు చేస్తారు. బియ్యం బాగు చేయడం వంటిదే ఈ మాట కూడా: పనికిరానిదాన్ని తీసివేసి పనికివచ్చేదాన్ని మిగుల్చుకోవడం. తోమడం, రెక్కలు కోయడం, పొలుసు తీయడం, మొప్పలు లాగడం, పొట్ట చీల్చడం, కడగడం, ముక్కలు కోయడం అనే ఏడు పనులు ఈ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి. ఈ పనిలో ఎదురయ్యే ఇబ్బందులు చాలా వరకు వరస తప్పడం వల్ల గాని, ఒక చేపకు చేసే పని మరో చేపకు చేయడం వల్ల గాని వస్తాయి.

తెలుగునాటికి వెలుపల ఉన్న మన విద్యార్థులలో పలువురు అంగట్లో కోయించిన ముక్కలే తెచ్చుకుంటున్నారు. అందులో తప్పేమీ లేదు. అయితే మొప్ప, పొలుసు, జన అనే మాటలు ఇంట్లో వినబడకపోతే వాటితో పాటు ఉన్న జాగ్రత్తలు కూడా వినబడవు. అందుకే ఈ పనిని, దాని మాటలను కలిపి ఇక్కడ వివరిస్తున్నాము.

ముందు పనిముట్టు సంగతి. మన కత్తిపీటకు తమిళంలో అరివాళ్మణై, కన్నడంలో ఈళిగెమణె, ఒడియాలో పనికి, మరాఠీలో విళీ అని పేర్లు. పేరు ఏదైనా పద్ధతి ఒకటే: అలుగు కదలకుండా నిలిచి ఉంటుంది, చేపను రెండు చేతులతో పట్టుకొని దానిపైకి నెట్టాలి. చేతికత్తితో దీనికి తలకిందులు: చేప పలకమీద కదలకుండా ఉంటుంది, కత్తి కదులుతుంది. ఒకదానికి అలవాటుపడిన చేయి రెండోదాని దగ్గర పొరబడుతుంది. కత్తిపీటకు అలవాటైనవారు చేతికత్తి పట్టినప్పుడు చేపను పట్టుకున్న చేతిని అలుగుకు ఎదురుగా ఉంచుతారు. కత్తి జారితే తగిలేది ఆ చేతికే. మొద్దుబారిన కత్తి మరీ ప్రమాదం. బలంగా నొక్కవలసి వస్తుంది, నొక్కితే జారుతుంది.

జారడానికి మరో కారణం చేప ఒంటిమీది జిగురు. తోమడం మొదటి పని కావడంలోని అర్థం ఇదే. రాళ్ళ ఉప్పుతో గాని, జల్లించిన బూడిదతో గాని తోమి కడిగితే చేప చేతికి పట్టు దొరుకుతుంది. కొరమేను విషయంలో ఇది మరీ ముఖ్యం. ఆ చేప గాలి కూడా పీల్చగలదు కనుక నీటి నుంచి తీసిన తరవాత కూడా చాలాసేపు బతికే ఉంటుంది. చచ్చిందనుకొని కత్తి పెట్టగానే ఎగిరిపడుతుంది. అందుకే తలమీద గట్టిగా కొట్టి, కదలిక పూర్తిగా ఆగాకనే పని మొదలుపెట్టాలి.

రెండో పని రెక్కలు కోయడం. దీన్ని చివరికి వాయిదా వేస్తే ముళ్ళు గుచ్చుకుంటాయి. జెల్లకు వీపు రెక్కలో ఒకటి, రెండు పక్క రెక్కల్లో ఒక్కొక్కటి చొప్పున మూడు గట్టి ముళ్ళు ఉంటాయి. చాలా రకాల జెల్లల్లో ఈ ముళ్ళకు విషం ఉంటుంది, చేప చచ్చినా అది పోదు. టేకు చేపకు తోకమీద ఇటువంటి ముల్లే ఉంటుంది. పండుగప్పకు విషం లేదు గాని మొప్పల మూత అంచు కత్తిలా కోస్తుంది. మొప్పలో వేలు దూర్చి ఎత్తితే వేలు తెగుతుంది. జెల్ల ముల్లు గుచ్చుకుంటే ఆ చేతిని ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో, అంటే 45 డిగ్రీలకు మించకుండా, 30 నుంచి 90 నిమిషాలు ఉంచాలి. వేడికి ఆ విషం శక్తి తగ్గి నొప్పి ఉపశమిస్తుంది. నొప్పిలో ఉన్న చేతికి వేడి సరిగా తెలియదు కనుక నీటిని రెండో చేతితో చూసుకోవాలి. ముల్లు విరిగి లోపల ఉన్నా, మరునాటికి వాపు, ఎరుపు పెరిగినా వైద్యుని దగ్గరికి వెళ్ళాలి, ధనుర్వాతం సూది సంగతి అడగాలి.

పొలుసును తోక నుంచి తలవైపు, అంటే ఎదురు దిశలో గీకాలి. చేపను నీటిలో ముంచి గీకితే పొలుసులు గోడలమీదికి ఎగరవు. ఆ తరవాత మొప్పలు లాగి, పొట్ట చీల్చాలి. కత్తిమొన లోతుగా దిగకూడదు. దిగితే రెండు నష్టాలు: జన చితుకుతుంది, కాలేయాన్ని అంటిపెట్టుకొని ఉండే పచ్చని చిన్న తిత్తి, అంటే పిత్తాశయం, పగులుతుంది. పగిలితే వెంటనే కడిగి, పచ్చరంగు అంటిన మాంసాన్ని కోసి పారవేయాలి. లేకపోతే కూర అంతా చేదెక్కుతుంది. పొట్ట లోపలి నల్లని పొరను, వెన్నుముల్లు వెంబడి గడ్డకట్టిన నెత్తురును కూడా గీకివేయాలి. నీచువాసనకు చాలా వరకు అవే కారణం.

పిత్తాశయం గురించి ఒక హెచ్చరిక. కంటిచూపుకో, ఉబ్బసానికో మందని కొందరు శీలావతి వంటి చేపల పిత్తాశయాన్ని పచ్చిగా మింగుతారు. ఇలా మింగినవారికి మూత్రపిండాలు దెబ్బతిన్న సందర్భాలు మన దేశంలోని వైద్యులు పలుమార్లు నమోదు చేశారు. వండినా ఆ విషం పోదు. దాన్ని పారవేయడమే సరి.

ఇక ముల్లు సంగతి. ముల్లు లేకుండా పక్క మాంసాన్ని పలకగా తీయడాన్ని ఇంగ్లీషు మాటతోనే ఫిల్లెట్ అంటున్నాము. మన పులుసుకు చేపను ముల్లుతో సహా అడ్డంగా కోస్తాము కనుక అటువంటి పనికి మన వంటింట్లో అవసరం పడలేదు. ఇది అన్ని చేపలకూ కుదిరే పని కూడా కాదు. యానాం పక్కన గౌతమీ గోదావరిలోకి వరద కాలంలో సముద్రం నుంచి ఎదురీదివచ్చే పులసనే తీసుకుందాం. దాని కండలో వెన్నుకు అంటుకోని సన్నని ముళ్ళు లెక్కకు మించి ఉంటాయి. ఫిల్లెట్ తీస్తే వెన్నుముల్లు పోతుంది, ప్రమాదమైన సన్నముళ్ళు మిగిలిపోతాయి. ముల్లు లేదనే ధీమాతో తినేవారికి అది మరింత చేటు. బొచ్చె, శీలావతులదీ ఇంచుమించు ఇదే స్థితి. వీటిని అడ్డంగా కోయడమే మేలు. ముల్లు ఎక్కడుందో అప్పుడు కంటికి కనబడుతుంది.

ఫిల్లెట్ నేర్చుకోదలచినవారు పండుగప్పతో మొదలుపెట్టవచ్చు. చేప చల్లగా ఉండాలి, వెచ్చబడితే కండ చీలికలవుతుంది. మొప్ప వెనక వెన్నుముల్లు తగిలేదాకా కోసి, దాన్ని తెంచకుండా కత్తిని పడుకోబెట్టి, ముల్లును రాసుకుంటూ తోకవైపు పొడుగ్గా లాగాలి. రంపంలా ముందుకూ వెనక్కూ ఆడిస్తే మాంసం చిరుగుతుంది. అలుగు పైకి లేస్తే మాంసమంతా ముల్లుకే మిగులుతుంది. చివర వేలితో తడిమి, తగిలిన ముల్లును పట్టకారుతో తీయాలి. తల, వెన్నుముల్లు పారవేయనక్కరలేదు, పులుసులోకి పనికివస్తాయి.

గొంతులో ముల్లు దిగితే అన్నం ముద్ద మింగమనడం మనవారి అలవాటు. దానివల్ల ముల్లు ఇంకా లోతుకు దిగవచ్చు. నొప్పి తగ్గకపోయినా, మింగడం కష్టమైనా గొంతు వైద్యునికి చూపించాలి.

చివరగా విద్యార్థులకు ఒక పని. పూరీ తీరంలోని పెంఠకటాలో తెలుగు మాట్లాడే మత్స్యకార కుటుంబాలున్నాయి, యానాంలో ఏటి ఒడ్డు ఇళ్ళున్నాయి, చెన్నైలో కాశిమేడు రేవుంది. అక్కడివారు ఈ ఏడు పనులనూ, చేప లోపలి భాగాలనూ ఏమంటారో అడిగి, వారు పలికినట్టే రాసుకోండి. జనను కొందరు శన అంటారు. ఇటువంటి తేడాలు మీ ఇళ్ళలో ఇంకెన్ని ఉన్నాయో మీరే చెప్పాలి. ఏ మాటతో ఏ జాగ్రత్త చెప్పారో దాన్ని కూడా పక్కనే రాయండి.