ఓపియాయిడ్ వ్యసనం: చికిత్సలో తొలి అడుగు

1. పరిచయం

నల్లమందు, దాని నుంచి తయారయ్యే మార్ఫిన్, హెరాయిన్, ట్రమడాల్ వంటి కొన్ని నొప్పి మందులు – వీటన్నింటినీ కలిపి ఓపియాయిడ్లు అంటారు. కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ కోసం ఎయిమ్స్ నిర్వహించి, 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం, దేశంలో 10–75 సంవత్సరాల వయస్సు గలవారిలో సుమారు 2.1 శాతం మంది అంతకుముందు ఏడాది కాలంలో వీటిని వాడారు. వీరందరూ వ్యసనపరులు కారు. అయితే వ్యసనంలో పడినవారు మొదటిసారి చికిత్సకు వచ్చినప్పుడు ఏం జరుగుతుంది, ఏం జరగాలి అన్నది ఈ భాగంలో తెలుసుకుందాం.

2. శరీరం అలవాటు పడే తీరు

ఒక ఉదాహరణ ఊహించుకోండి. విజయవాడకు చెందిన ఒక లారీ డ్రైవరు నడుంనొప్పి తట్టుకోలేక ట్రమడాల్ మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకు ఒక మాత్ర చాలలేదు. రెండు, నాలుగు, పది అయ్యాయి. మోతాదు పెంచితేగాని పనిచేయని ఈ స్థితిని ‘టాలరెన్స్’ అంటారు. ఇప్పుడతను మత్తు కోసం వేసుకోవడం లేదు. వేసుకోకపోతే కళ్ళవెంట, ముక్కువెంట నీరు, ఆవలింతలు, ఒళ్ళునొప్పులు, విరేచనాలు, నిద్రలేమి మొదలవుతాయి. ఇవే ఉపసంహరణ లక్షణాలు. హెరాయిన్ వంటి వాటిలో ఇవి చివరి మోతాదు తరువాత 8 నుంచి 24 గంటల్లో మొదలై, వారం పదిరోజుల్లో తగ్గుతాయి. ఈ బాధకు భయపడే చాలామంది ఏళ్ళ తరబడి ఆసుపత్రి గడప తొక్కరు.

3. మొదటి రోజు

డాక్టరు ముందుగా ఏ మందు, ఎంత, చివరిసారి ఎప్పుడు వాడారని అడుగుతారు. మద్యం, నిద్రమాత్రల అలవాటు ఉందా అనీ అడుగుతారు. ఇవి ఓపియాయిడ్లతో కలిస్తే శ్వాస ఆగిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఇక్కడ దాచకుండా చెప్పడం ప్రాణరక్షణ. సూదితో ఎక్కించుకునేవారికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు కూడా చేస్తారు.

ముఖ్యమైన మందు బ్యుప్రెనార్ఫిన్. దీన్ని నాలుక కింద ఉంచుకోవాలి. ఉపసంహరణ లక్షణాలు స్పష్టంగా కనిపించాకే తొలి మోతాదు ఇస్తారు. కారణం ఏమిటంటే, బ్యుప్రెనార్ఫిన్ మెదడులోని గ్రాహకాలకు గట్టిగా అతుక్కుంటుంది. అప్పటికే అక్కడున్న ఓపియాయిడ్‌ను నెట్టివేస్తుంది. కానీ దానంత బలంగా పనిచేయదు. తొందరపడి ముందే ఇస్తే ఉపసంహరణ బాధ ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ‘బాధపడుతుంటే మందివ్వకుండా కూర్చోబెట్టారు’ అని కుటుంబం ఆగ్రహించేది ఇక్కడే. ఈ కారణం ముందే చెబితే రోగి వెనుదిరిగి పోడు. తొలి రోజుల్లో మగత ఉండవచ్చు కనుక మన డ్రైవరు లారీ నడపరాదు.

4. ‘పది రోజుల్లో మాన్పించండి’

కుటుంబాలు సాధారణంగా కోరేది ఇదే. ఇందులోని ప్రమాదాన్ని మీరు బాగా గుర్తుంచుకోవాలి. పది రోజులు మానగానే టాలరెన్స్ పడిపోతుంది. మందు మీద తపన మాత్రం పోదు. ఇంటికెళ్ళిన మనిషి ఒక బలహీన క్షణంలో పాత మోతాదే తీసుకుంటాడు. ఒకప్పుడు తట్టుకున్న మోతాదే ఇప్పుడు శ్వాసను ఆపవచ్చు. అందుకే చికిత్సా కేంద్రం నుంచి, జైలు నుంచి బయటకు వచ్చిన తొలి వారాలు అత్యంత ప్రమాదకరమైనవి.

కాబట్టి బ్యుప్రెనార్ఫిన్‌ను నెలల తరబడి, అవసరమైతే సంవత్సరాల తరబడి కొనసాగిస్తారు. ‘ఒక మత్తు మాన్పించి మరో మత్తు అంటగట్టడం కాదా?’ అని మీరు అడగవచ్చు. శరీరం ఈ మందుకూ అలవాటు పడుతుందన్నది నిజమే. అందుకే ఆపాల్సి వస్తే క్రమంగా తగ్గిస్తారు. కానీ సరైన మోతాదులో ఇది తపనను అణచుతుంది. మనిషి పనికి వెళ్ళగలడు, ఇల్లు చూసుకోగలడు. వ్యసనమంటే మందు వేసుకోవడం ఒక్కటే కాదు, మందు కోసం జీవితం చెడిపోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో బ్యుప్రెనార్ఫిన్‌ను, మెథడోన్‌ను అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది.

5. చట్టం ఏమంటుంది?

పోలీసు భయం కూడా చాలామందిని ఆపుతుంది. మాదకద్రవ్యాల చట్టం (1985)లోని 64ఎ సెక్షన్ ప్రకారం, వాడకానికి లేదా స్వల్ప పరిమాణానికి సంబంధించిన నేరం మోపబడిన వ్యసనపరుడు స్వచ్ఛందంగా ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన సంస్థలో చికిత్స పొందితే అతన్ని ప్రాసిక్యూట్ చేయరాదు. చికిత్స మధ్యలో మానేస్తే ఈ రక్షణ పోవచ్చు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చి, రోగి వివరాలకు గోప్యత కల్పించింది.

6. మీరు చేయగలిగింది

మీ ఊళ్ళోనో, మీ ఇంట్లోనో ఎవరైనా ఈ స్థితిలో ఉంటే ఒట్టు పెట్టించుకోకండి, గదిలో బంధించకండి. ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగానికి వెంట వెళ్ళండి. జాతీయ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయవచ్చు. ఒకసారి జారిపడితే చికిత్స విఫలమైందని అనుకోవద్దు. మధుమేహ రోగికి చక్కెర పెరిగితే మందు మానిపించం కదా! మళ్ళీ తీసుకువెళ్ళండి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. బ్యుప్రెనార్ఫిన్ తొలి మోతాదుకు ఎందుకు వేచి ఉండాలి?
2. కొద్దిరోజులు మాన్పించి పంపడం ఎందుకు ప్రమాదకరం? మీ మాటల్లో ఒక కుటుంబానికి వివరిస్తున్నట్లు రాయండి.