మీసన్ శిథిలాలయములు

విదేశయాత్ర చేయు మనవారు ప్రసిద్ధ నగరములను మాత్రమే చూచి మరలుచున్నారు. వియత్నాము దేశమున, దనాంగ్ నగరమునకు సుమారు 70 కిలోమీటర్ల దూరమున, కొండల నడుమ మీసన్ అను లోయ కలదు. క్రీ. శ. 4వ శతాబ్దము మొదలు 13వ శతాబ్దము వరకు చంపారాజు లచట శివాలయములు కట్టించిరి. సంస్కృత శాసనములు చెక్కించిరి. ఇటుకల అతుకుల నడుమ గార కానరాని ఆ పనితనము నేటికిని ఆశ్చర్యకరము. సుమారు వేయి యేండ్లు నిలిచిన ప్రధానాలయము 1969 ఆగస్టులో అమెరికా బాంబులకు కూలిపోయెను. యునెస్కో 1999లో ఆ స్థలమును ప్రపంచ వారసత్వముగా గుర్తించెను. భారత పురావస్తుశాఖవారు 2017లో జీర్ణోద్ధరణమునకు పూనుకొనిరి. 2020లో ఏకశిలాలింగ మొకటి బయల్పడెను. ఆ లోయను చూచి వచ్చినవారికి స్వగ్రామమున పాడుగుడి రాతిని పెరుకుటకు చేయి రాదని మేము నమ్ముచున్నాము.