ఇల్లే బడి అయితే? ఇడపనూరు తెలుగు ఇళ్ళు ముందుగా తెలుసుకోవలసినవి

గద్వాల వైపు చుట్టాల నుంచి పెళ్ళి పత్రిక వస్తే మా ఇళ్ళలో దాన్ని చదవడానికి తాతనో అవ్వనో పిలవాలి. పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు. పత్రిక చేతికిస్తే మాత్రం పైనున్న వినాయకుడి బొమ్మ చూసి పక్కన పెట్టేస్తారు. రాయచూరు తాలూకా ఇడపనూరులో తరాలుగా ఉంటున్న తెలుగువాళ్ళం మేము. బడిలో కన్నడం, ట్యూషన్‌లో ఇంగ్లీషు. తెలుగు నోటికే మిగిలింది.

2020లో కరోనాతో బడులు మూతపడ్డప్పుడు పిల్లలు నెలల తరబడి ఇంట్లోనే ఉన్నారు. అప్పటి నుంచి మాలో కొందరికి ఒక ఆలోచన మొదలైంది. బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తే తెలుగూ వస్తుంది, ఫీజులూ తప్పుతాయి కదా అని. ఆ దారి పట్టే ముందు అందులో మంచి ఏమిటి, నష్టం ఏమిటి అని చూసుకోవాలి.

ఇంటి చదువులో పెరగడమంటే

ఇంటి చదువు అంటే బడి మానేయడం కాదు. తల్లిదండ్రులే బాధ్యత తీసుకుని, వేళ పెట్టుకుని, రోజూ కూర్చోబెట్టి చెప్పడం. అలా పెరిగే పిల్లలకు కొన్ని మేళ్ళున్నాయి. అర్థం కాని లెక్క దగ్గర రెండు రోజులు ఆగవచ్చు. వచ్చిన పాఠాన్ని గబగబా దాటిపోవచ్చు. అక్క చదువుతుంటే పక్కన కూర్చున్న తమ్ముడికీ సగం వచ్చేస్తుంది.

హైదరాబాదు టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి నైనా జైస్వాల్‌కు అమ్మానాన్నలే ఇంట్లో చదువు చెప్పారు. ఆమె ఎనిమిదేళ్ళకే పదో తరగతి, పదమూడేళ్ళకే డిగ్రీ పూర్తి చేసింది. అయితే అక్కడ ఇంటిల్లిపాదీ పిల్లల చదువే పనిగా పెట్టుకున్నారు. పత్తి ఏరే కాలంలో పొద్దున పొలానికి పోయి చీకటి పడ్డాక వచ్చే అమ్మానాయనలు ఆ పని చేయగలరా? ఎవరికి వారు అడిగి చూసుకోవాలి.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. బడికి పోని మగపిల్లవాడు ఇంట్లో చదువుతాడేమో గానీ, బడికి పోని ఆడపిల్లకు ముందుగా దొరికేది చీపురు, ఆ తర్వాత చంటి తమ్ముడు. ఆ తర్వాత తొందరపాటు పెళ్ళి మాటలు. ఇంటి చదువు అనే పేరు దీనికి ముసుగు కాకూడదు.

చట్టం ఏమంటుంది

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలందరికీ ఉచిత, నిర్బంధ విద్య అందాలి. పిల్లల్ని దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని ఆ చట్టంలోని 10వ సెక్షన్ చెబుతుంది. చేర్పించకపోతే తల్లిదండ్రులకు ఇంత శిక్ష అని అందులో రాయలేదు. ఇంటి చదువును పేరు పెట్టి ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు. కాబట్టి ఇంట్లో చదివే పిల్లలు సర్కారు లెక్కల్లో బడి బయటి పిల్లలుగానే పడే అవకాశం ఉంది.

పరీక్ష ఎలా రాయాలి

ఇంట్లో చదివినవాళ్ళకు ఉన్న పెద్ద దారి జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ. అందరూ ఎన్‌ఐఓఎస్ అంటారు. 1989లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది. 14 ఏళ్ళు నిండితే పదో తరగతికి చేరవచ్చు. ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి, అందులో ఒకటైనా భాష ఉండాలి. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు జరుగుతాయి. ఒకసారి చేరితే ఐదేళ్ళ గడువు ఉంటుంది. అన్నీ ఒకేసారి రాయనక్కర్లేదు, ఒక్కొక్కటిగా పాసవుతూ పోవచ్చు. తీసుకోదగ్గ భాషల్లో తెలుగు ఉంది, కన్నడం కూడా ఉంది. మధ్యలో బడి మానేసిన పిల్లలకు కూడా ఇది పనికొస్తుంది.

మన పల్లె పిల్లలు పోగొట్టుకునేది

ఈ లెక్క చాలామందికి తెలియదు. కర్ణాటక సీఈటీలో గ్రామీణ విద్యార్థులకు 15 శాతం, కన్నడ మాధ్యమంలో చదివినవాళ్ళకు 5 శాతం సీట్లు ఉన్నాయి. మొదటిదానికి ఒకటి నుంచి పది వరకు పల్లె బడిలో చదివి ఉండాలి. రెండోదానికి ఆ పదేళ్ళూ కన్నడంలో చదివి ఉండాలి. రెండింటికీ బడి ఇచ్చే సర్టిఫికెట్టే ఆధారం. ఇంట్లో ఎంత బాగా చదివినా ఆ కాగితం రాదు. పదేళ్ళు గడిచాక తెలిసి బాధపడితే వెనక్కి తెచ్చుకోలేం.

మధ్యాహ్నం అన్నం, పాలు, గుడ్డు, ఉచిత పుస్తకాలు సర్కారు బడిలోనే దొరుకుతాయి. అన్నిటికన్నా పెద్దది కన్నడం. తాలూకా ఆఫీసులో, బ్యాంకులో, పోలీసు స్టేషన్లో మన పిల్లలు తల ఎత్తుకుని మాట్లాడాలంటే కన్నడం చదవడం, రాయడం రావాలి. తెలుగు మీద ప్రేమతో వాళ్ళను కన్నడానికి దూరం చేస్తే నష్టపోయేది వాళ్ళే.

అయితే తెలుగు సంగతి?

దీనికి జవాబు మన చరిత్రలోనే ఉంది. భండారు అచ్చమాంబ 1874లో పుట్టింది. బడికి పోలేదు. తెలుగు నేలకు దూరంగా ఉన్న ఇంట్లో, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తానూ నేర్చుకుంది. 1905లో పోయేనాటికి ఆమె కథలు రాసింది, స్త్రీల జీవిత చరిత్రలు ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’గా కూర్చింది. తమ్ముడి పలక పక్కనే అక్కకూ చోటు దొరికింది కాబట్టి ఆ చదువు సాగింది.

మా పెద్దలదీ అలాంటి కథే. 1956 నవంబరు 1 దాకా రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. నిజాం కాలంలో సర్కారు కాగితం ఉర్దూలో నడిచేది. రాష్ట్రాలు మారినప్పుడు గద్వాల, ఆలంపురం తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి, మేము మైసూరు రాష్ట్రంలోకి వచ్చాం. ఉర్దూ పోయి కన్నడం వచ్చింది. ఆ రెండు కాలాల్లోనూ మా ఇళ్ళలో తెలుగును కాపాడింది బడి కాదు, వసారాలో తాత చెప్పిన ఓనమాలే.

ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకునే ఏర్పాటు చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణం రాష్ట్రాలకు చెబుతుంది. దాన్ని అడగడం మన హక్కు. అది దక్కేదాకా ఇంట్లో చేయగలిగినది మాత్రం ఆపనక్కర్లేదు.

రోజుకు అరగంట చాలు

కన్నడం చదవడం వచ్చిన పిల్లలకు తెలుగు అక్షరాలు కష్టం కాదు. రెండు లిపులూ ఒక తల్లి బిడ్డలే. చాలా అక్షరాలు ఒకే పోలికలో ఉంటాయి. క, త, శ, హ లాంటి కొన్నిటి దగ్గరే తడబడతారు. ముందు ఆ తేడా ఉన్న అక్షరాలను ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. తర్వాత మాటల ఆట ఆడించండి. కన్నడంలో ‘హాలు’ మన పాలు, ‘హులి’ మన పులి, ‘హూవు’ మన పువ్వు. హ తీసి ప పెడితే తెలుగు ఎలా వస్తుందో పిల్లలు తామే కనిపెడతారు.

పాఠ్యపుస్తకమే కావాలని లేదు. పెళ్ళి పత్రిక, మంత్రాలయం బస్సు బోర్డు, అత్త పంపిన వాట్సాప్ మెసేజు, ఏదైనా పనికొస్తుంది. రాత్రి రొట్టె తిన్నాక అరగంట చాలు. ఆ అరగంటలో టీవీ ఆపాలి, ఆడపిల్లకు గిన్నెలు అప్పజెప్పకూడదు. అమ్మకు చదువు రాకపోతే అవ్వ కథ చెప్పాలి, పిల్లలు దాన్ని రాయాలి.

పిల్లల్ని బడికి పంపుదాం, కన్నడం బాగా నేర్పిద్దాం. తెలుగుకు మాత్రం ఇల్లే బడి. ఈసారి గద్వాల నుంచి పత్రిక వస్తే తాతను పిలవకండి. పిల్లల చేతికిచ్చి, ముహూర్తం ఎన్ని గంటలకో చదివి చెప్పమనండి.