గోడలు దాటే వార్త: ఇంటి వైఫైకి తాళం ఎట్లా వేయవలెను?

1903 జూన్ నెలలో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఒక వైజ్ఞానిక ప్రదర్శన ఏర్పాటయినది. దూరాన కార్న్‌వాల్ తీరంలోని పోల్డూ నుండి మార్కొనీ తీగలు లేకుండా పంపే వార్తను సభవారి ఎదుట అందుకొని చూపడానికి జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ సిద్ధంగా ఉన్నాడు. పరికరాలను ఒక నిర్ణీత పౌనఃపున్యానికి శ్రుతి చేసినందువలన తన వార్తలలో ఇతరులు జోక్యం చేసుకొనలేరని మార్కొనీ నమ్మకం. కాని ప్రదర్శన ఇంకా మొదలు కాకముందే పరికరం టకటకలాడినది. "ఎలుకలు" అని అర్థమిచ్చే ఆంగ్లపదం పదే పదే వచ్చినది. ఆ వెనుక మార్కొనీని ఎగతాళి చేసే పద్యపాదాలు వచ్చినవి. వాటిని పంపినవాడు నెవిల్ మాస్కెలిన్. అతడు వృత్తిచేత ఐంద్రజాలికుడు. అభిరుచి కొద్దీ వైర్‌లెస్ విద్య నేర్చుకొన్నవాడు.

అతని అల్లరి ఎట్లున్నా, ఆనాడు అతడు చూపిన సత్యం మాత్రం నేటికీ చెల్లుతున్నది. ఆకాశంలోకి విడిచిన తరంగం ఎవరి సొత్తూ కాదు. దానిని దాచడం సాధ్యం కాదు. దాని అర్థాన్ని మాత్రమే దాచవచ్చును. ఇంటింటా వెలసిన వైఫై రక్షణకు మూలసూత్రం ఇదే. ఈ విషయం నేర్వగోరే ఔత్సాహికుడు మొదట గ్రహించవలసినదీ ఇదే.

గోడకు గల హద్దు

వైఫై రూటరు ఒక చిన్న రేడియో కేంద్రం. అది సాధారణంగా 2.4 గిగాహెర్ట్జుల ప్రాంతంలోను, 5 గిగాహెర్ట్జుల ప్రాంతంలోను పనిచేస్తుంది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జుల పట్టీని తక్కువ శక్తి గల పరికరాలకు లైసెన్సు అవసరం లేకుండా 2005లో విడుదల చేసినారు. ఈ తరంగాల పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు. ఇటుక గోడ కాంతిని పూర్తిగా ఆపుతుంది గాని, ఈ తరంగాలను కొంత బలహీనపరచి ఊరుకుంటుంది. కావున ఇంటి యజమాని తలుపు గడియ పెట్టుకొన్నా, అతని రూటరు పలుకులు పొరుగింటికి, మేడమీదికి, వీధిలోకి వినబడుతూనే ఉంటాయి. తీగ మీద నడిచే వార్తను వినవలెనంటే తీగ దగ్గరకు రావలెను. తరంగం మీద నడిచే వార్త తానే వినేవాని దగ్గరకు పోతుంది.

వింటే వచ్చే నష్టమేమిటని కొందరు అడుగవచ్చును. 2008 జూలై 26న అహమ్మదాబాదులో బాంబు ప్రేలుళ్ళు జరగడానికి కొద్ది నిమిషాల ముందు వార్తాసంస్థలకు ఒక ఈ-మెయిలు అందినది. పోలీసులు దాని జాడను వెదకుచు పోగా, అది నవీ ముంబయిలో నివసిస్తున్న ఒక విదేశీయుని ఇంటి ఇంటర్నెట్ సంబంధం గుండా వెళ్ళినట్లు తేలినది. అతని వైఫైకి తాళం లేదు. ఎవరో దానిని వాడుకొన్నారు; సమాధానం చెప్పుకొనవలసిన స్థితి మాత్రం అతనికి వచ్చినది. వైఫైకి రక్షణ కల్పించవలెనని కేంద్ర టెలికాం శాఖ 2009లో ఇంటర్నెట్ సేవలందించే సంస్థలకు ఆదేశాలిచ్చినది. ఇంటర్నెట్‌లో ఒక ఇంటి పరికరాలన్నీ బయటివారికి సాధారణంగా ఒకే చిరునామాతో కనబడుతాయి. కావున తాళం లేని రూటరు, సంతకం చేసి ఖాళీగా వదలిన కాగితం వంటిది.

మొదటి తాళం - అది విరిగిన విధం

వైఫైకి మూలమైన 802.11 ప్రమాణం 1997లో వెలువడినది. దానితోపాటే వెప్ అనే తాళం వచ్చినది. తీగల మీద ఉండేపాటి గోప్యత తరంగాల మీద కూడా కల్పించడం దాని ఉద్దేశం. ఇది పనిచేసే విధం సులభం. వార్తను 0, 1 అనే అంకెల వరుసగా వ్రాస్తారు. రహస్యమైన తాళపుచెవి నుండి మరొక అంకెల వరుసను పుట్టిస్తారు. దీనిని చెవివరుస అందాము. రెండు వరుసలలో ఎదురెదురు అంకెలు ఒకటే అయితే 0, వేరైతే 1 అని వ్రాస్తే గూఢవార్త తయారవుతుంది.

ఉదాహరణకు వార్త 1011, చెవివరుస 0110 అయితే గూఢవార్త 1101. అదే చెవివరుసతో 0010 అనే మరొక వార్తను పంపితే గూఢవార్త 0100. ఇప్పుడు రెండు గూఢవార్తలను ఇదే సూత్రంతో కలిపి చూడుడు: 1101, 0100 కలిస్తే 1001 వస్తుంది. అసలు వార్తలైన 1011, 0010 కలిపినా 1001 వస్తుంది! అనగా చెవివరుస పూర్తిగా మాయమైపోయి, రెండు వార్తల మధ్యనున్న సంబంధం బట్టబయలైనది. ఒక వార్త ముందే తెలిసినదైతే రెండవది వెంటనే తెలిసిపోతుంది. కావున ఒకే చెవివరుసను రెండుసార్లు వాడరాదనుట ఈ విద్యలో ప్రథమ నియమం.

వెప్ నిర్మాతలకు ఈ నియమం తెలియకపోలేదు. ప్రతి ప్యాకెట్టుకు చెవివరుస మారడానికి రహస్యపు చెవికి ముందు 24 బిట్ల సంఖ్యనొకదానిని చేర్చినారు. 24 బిట్లతో ఏర్పడే సంఖ్యలు 1,67,77,216. చూడడానికి పెద్ద సంఖ్యయే. కాని సెకనుకు 11 మెగాబిట్ల వేగంతో పనిచేసే రూటరు, 1500 బైట్ల ప్యాకెట్లను సెకనుకు 900 వరకు పంపగలదు. లెక్క కట్టి చూస్తే, సుమారు అయిదు గంటలలో సంఖ్యలన్నీ అయిపోయి మరల మొదటికి రావలసినదే. సంఖ్యలను యాదృచ్ఛికంగా ఎన్నుకొంటే పరిస్థితి మరీ అన్యాయం. 23 మంది విద్యార్థులున్న తరగతిలో ఇద్దరి పుట్టినరోజు ఒకటే కావడానికి సగానికి మించిన సంభావ్యత ఉన్నదని గణితోపాధ్యాయులు చెబుతారు గదా! అదే సూత్రాన్ననుసరించి సుమారు 4,800 ప్యాకెట్లలోనే ఒకే సంఖ్య రెండుసార్లు వచ్చే అవకాశం సగమవుతుంది. అనగా కొద్ది సెకన్ల పని.

ఇంతకన్న పెద్ద లోపం 2001లో బయటపడినది. ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే శాస్త్రజ్ఞులు వెప్‌లో చెవివరుసను పుట్టించే ఆర్‌సి4 పద్ధతిని పరిశోధించి, కొన్ని ప్రత్యేక సంఖ్యలు రహస్యపు చెవిని కొద్దికొద్దిగా బయటపెడుతున్నవని నిరూపించినారు. 2007లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ పరిశోధకులు 104 బిట్ల వెప్ చెవిని ఒక నిమిషంలోపల కనుగొనవచ్చునని చూపినారు. పాస్‌వర్డు ఎంత పొడుగ్గా ఉన్నా తాళమే చెడ్డదైనప్పుడు ప్రయోజనం లేదని దీని సారాంశం.

రెండవ తాళం - పాస్‌వర్డు బలం

వెప్ స్థానంలో 2003లో డబ్ల్యుపిఎ అనే తాత్కాలిక ఏర్పాటు, 2004లో దృఢమైన డబ్ల్యుపిఎ2 వచ్చినవి. ఈ రెండవదానిలో గూఢపరచే భారం ఎఇఎస్ పద్ధతిపై ఉన్నది. బెల్జియం దేశీయులైన డేమెన్, రైమెన్ రూపొందించిన ఈ పద్ధతిని అమెరికా ప్రమాణాల సంస్థ 2001లో స్వీకరించినది. దీనిని ఇంతవరకు ఆచరణలో ఎవరూ ఛేదించలేదు.

మరి ఇక భయమెందుకు? డబ్ల్యుపిఎ2లో ఫోను, రూటరు కలిసేటప్పుడు పాస్‌వర్డు ఆకాశంలోకి రాదు. రెండూ చెరియొక యాదృచ్ఛిక సంఖ్యను చెప్పుకొని, వాటినుండి అప్పటికప్పుడు కొత్త చెవిని పుట్టించుకొని, పాస్‌వర్డు తమకు తెలుసునని ఋజువు మాత్రం ఇచ్చుకొంటాయి. ఈ సంభాషణను పొంచి విన్నవాడు ఇంటికి పోయి, తీరికగా ఒక్కొక్క మాటను ఊహించి, ఆ ఋజువుతో సరిపోయినదీ లేనిదీ చూచుకొనవచ్చును. తప్పు చెప్పినావని అడ్డగించేవారు అక్కడ ఉండరు. దీనిని కష్టతరం చేయడానికి ప్రతి ఊహను నెట్‌వర్కు పేరుతో కలిపి 4,096 సార్లు నలగగొట్టవలెనని నియమం పెట్టినారు. అయినా మంచి గ్రాఫిక్స్ కార్డు గల కంప్యూటరు సెకనుకు పది లక్షల ఊహలను పరీక్షించగలదు.

ఆ లెక్కతో మూడు పాస్‌వర్డులను పోల్చి చూతము. మొదటిది ఎనిమిది అంకెల పుట్టినతేదీ. ఎనిమిది అంకెలతో ఏర్పడే సంఖ్యలు పది కోట్లు. అన్నిటినీ పరీక్షించడానికి 100 సెకన్లు చాలును. రెండవది పది అంకెల సెల్‌ఫోను నంబరు. మన దేశంలో ఇవి 6, 7, 8, 9 అంకెలతో మొదలవుతాయి గనుక 400 కోట్లకు మించవు. ఇవి 4,000 సెకన్లలో, అనగా గంట పైన ఏడు నిమిషాలలో ముగుస్తాయి. మూడవది ఏ అర్థమూ లేకుండా చీట్లు తీసి కూర్చిన పన్నెండు ఆంగ్లాక్షరాలు. 26ను పన్నెండుసార్లు వేసి గుణిస్తే వచ్చే ఊహలకు సుమారు మూడువేల సంవత్సరాలు పడుతుంది. మూడింటికీ తాళం ఒక్కటే. తేడా అంతా ఇంటివారు ఎన్నుకొన్న మాటలో ఉన్నది. రెండవదానిని ఎన్నుకొన్న ఇండ్లు మన వీధులలో తక్కువేమీ కావు.

వెనుక కిటికీ

ముందు తలుపుకు గట్టి తాళం వేసి వెనుక కిటికీ తెరచినట్లు కొన్ని రూటర్లలో డబ్ల్యుపిఎస్ అనే సౌకర్యం ఉన్నది. పాస్‌వర్డుకు బదులు ఎనిమిది అంకెల పిన్ చెప్పినా ప్రవేశం లభిస్తుంది. ఆఖరి అంకె తక్కిన ఏడింటినుండి లెక్కకట్టి వ్రాసినది గనుక, నిజంగా ఊహించవలసినవి ఏడంకెలే. అనగా కోటి సంఖ్యలు. కాని మొదటి నాలుగు అంకెలు సరిగా ఉన్నవో లేవో రూటరు వేరుగా చెప్పివేస్తుంది! అప్పుడు మొదటి సగానికి 10,000, రెండవ సగానికి 1,000, మొత్తం 11,000 ఊహలు చాలును. 2011లో ష్టెఫాన్ ఫీబ్యోక్ ఈ లోపాన్ని బయటపెట్టినాడు. కోటి పదకొండువేలైన ఈ ఉదాహరణ గుణకార, సంకలనాల మధ్య భేదాన్ని తరగతిలో చెప్పడానికి ఎంతో అనువైనది.

మూడవ తాళం

2017లో బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వాన్‌హూఫ్, పీసెన్స్ డబ్ల్యుపిఎ2లోనే ఒక లోపాన్ని కనుగొన్నారు. పరిచయ సంభాషణలోని ఒక భాగాన్ని శత్రువు మరల మరల వినిపిస్తే, పరికరం మోసపోయి పాత చెవినే తిరిగి అమర్చుకొని, లెక్కను మొదటినుండి ప్రారంభిస్తుంది. అనగా వాడిన చెవివరుసనే మళ్ళీ వాడుతుంది. వెప్ నాటి పాత తప్పు కొత్త వేషంలో వచ్చినదన్నమాట. తయారీదారులు సవరణలు పంపినారు. సవరణ వేసుకొన్న పరికరాలకు ఈ ప్రమాదం తొలగినది, వేసుకొననివాటికి తొలగలేదు.

2018లో వచ్చిన డబ్ల్యుపిఎ3 ఊహించేవాని దారికి అడ్డుకట్ట వేసినది. ఇందులో పొంచి విన్న సంభాషణను ఇంటికి తీసుకొనిపోయి పరీక్షించడానికి వీలులేదు. ప్రతి ఊహకు రూటరునే అడుగవలెను. పాస్‌వర్డు రేపు బయటపడినా, నిన్న నమోదు చేసుకొన్న వార్తలను చదువలేరు. 2019లో దీని తొలి నమూనాలలో కూడా కొన్ని లోపాలు కనబడగా సవరించినారు. పరీక్షించి, లోపం చూపి, సవరించడమే ఈ శాస్త్రం ఎదిగే మార్గం.

రక్షణ అనిపించే భ్రమలు

నెట్‌వర్కు పేరును దాచితే చాలునని కొందరి నమ్మకం. కాని ఇంటివారి ఫోను రూటరును పిలిచినప్పుడెల్లా ఆ పేరు బహిరంగంగానే వినబడుతుంది. అనుమతించిన పరికరాల చిరునామాలను మాత్రమే రానివ్వడం మరొక పద్ధతి. ఆ చిరునామాలు కూడా గూఢపరచకుండానే ప్రయాణిస్తాయి గనుక, విన్నవాడు తన పరికరానికి ఆ చిరునామానే తగిలించుకొనవచ్చును. ఇవి రెండూ తాళం కావు, తెరలు మాత్రమే.

ఇంకొక తలుపును పలువురు మరచిపోతారు. వైఫై పాస్‌వర్డు వేరు, రూటరు అమరికలను మార్చే పాస్‌వర్డు వేరు. 2016లో మిరాయ్ అనే దుష్టప్రోగ్రాము కర్మాగారంలో పెట్టిన సుమారు అరవై పేరు-పాస్‌వర్డుల జాబితాతోనే లక్షలాది కెమెరాలను, రూటర్లను వశపరచుకొన్నది. దానికి ఏ గణితమూ అవసరం కాలేదు.

కావున ఔత్సాహికుడు తన ఇంటి రూటరులో పరిశీలించవలసినవి అయిదు: తాళం డబ్ల్యుపిఎ3 లేక ఎఇఎస్‌తో కూడిన డబ్ల్యుపిఎ2 అయి ఉండవలెను, పాస్‌వర్డు పన్నెండు అక్షరాలకు తగ్గకుండా, అర్థానికి లొంగకుండా ఉండవలెను, డబ్ల్యుపిఎస్‌ను ఆపివేయవలెను, అమరికల పాస్‌వర్డును మార్చవలెను, తయారీదారు సవరణలను వేసుకొనవలెను. సవరణలు రావడం ఆగిపోయిన పాత రూటరును మార్చుకొనుట మేలు.

ప్రయోగాలన్నీ తన రూటరు మీదనే చేయవలెను. అనుమతి లేకుండా ఇతరుల నెట్‌వర్కులో ప్రవేశించడం సమాచార సాంకేతిక చట్టం, 2000 ప్రకారం శిక్షకు దారితీయవచ్చును. పాఠశాలలో దీనికి పరికరాలు కూడా అక్కరలేదు. ఒక కాగితం మీద నాలుగంకెల వార్తలు రెండు వ్రాసి, ఒకే చెవివరుసతో మూసి, పక్క బల్లవాడు ఎట్లా తెరువగలడో చూపితే చాలును. గోడ ఆపలేనిదానిని ఒక లెక్క ఆపగలదని, ఆ లెక్కలో ఒక్క అడుగు తప్పినా ఆపలేదని విద్యార్థికి అప్పుడు తానే బోధపడుతుంది.